పెళ్ళికార్డు నుంచి వెబ్ పేజీకి: నరసాపురం లేసు సైటు కేస్ స్టడీ

కేసు ఇది. నరసాపురం పక్క ఊళ్ళో లేసు అల్లే ఆడవాళ్ళ చిన్న బృందం ఉంది. టేబుల్ క్లాత్‌లు, కుషన్ కవర్లు, గుండ్రటి టేబుల్ మ్యాట్లు అల్లి షాపులకి వేస్తారు. నరసాపురం క్రోషె లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చాక, సరుకు నేరుగా చూపించుకోడానికి తమకంటూ ఒక సైటు ఉంటే బాగుంటుందనుకున్నారు. పని ఒప్పుకున్నది పాలకొల్లులో ఒక డీటీపీ సెంటర్లో పనిచేసే అమ్మాయి. డిగ్రీ అయిపోయింది, డిజైన్‌లో పీజీ చెయ్యాలని ఉంది. పేజ్‌మేకర్, కోరెల్‌డ్రా, ఫోటోషాప్ చేతికి బాగా అలవాటు. పెళ్ళికార్డులు, ఓణీల ఫంక్షన్ ఫ్లెక్సీలు, కడియం నర్సరీలకి మొక్కల లేబుళ్ళు రోజూ చేసే పనులు. వెబ్ పేజీ రాసే హెచ్‌టీఎంఎల్, దాని రూపం దిద్దే సీఎస్ఎస్ మాత్రం కొత్త. మా పని ఆమెకి దారి చూపించడం.

గోదావరి జిల్లాల్లో డీటీపీ నుంచి వెబ్ వైపు వచ్చేవాళ్ళకి సాధారణంగా ముందు ఒక రెడీమేడ్ టెంప్లేటు ఇచ్చి, ఫోటోలు మార్చమంటారు. అది సరైన దారి కాదని మా అభిప్రాయం. డీటీపీ చేసినవాళ్ళకి కన్ను ముందే తయారై ఉంటుంది. ఏ అక్షరం పక్కన ఏది నప్పుతుందో, ఎక్కడ ఖాళీ వదలాలో వాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. అడ్డొచ్చేది కొలత. కార్డుకి ఇన్ని అంగుళాలని ముందే తెలుసు, దాన్నిబట్టి అన్నీ అమరుస్తారు. వెబ్ పేజీకి ఆ కొలతే లేదు. టెంప్లేటు ఈ సంగతిని కప్పేస్తుంది, నేర్చుకునేవాళ్ళకి కనపడనివ్వదు. అందుకని ఖాళీ ఫైలుతో మొదలుపెట్టించాం. ముందు పాఠం (అంటే పేజీలో ఉండే రాత), తర్వాత పేజీ నిర్మాణం, తర్వాత చిన్న తెర, ఆ తర్వాత ఫోటోలు. రంగులు, అలంకారాలు చిట్టచివర.

ముందు పాఠం యూనికోడ్‌లోకి రావాలి

బృందం దగ్గర పాత బ్రోషర్ ఉంది. అది పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లలో టైపు చేసింది. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. తెలుగు డీటీపీ సెంటర్లలో దాన్ని ఇంకా చూస్తూనే ఉంటాం. ఆ ఫైల్లోంచి పాఠాన్ని కాపీ చేసి బ్రౌజర్లో పేస్ట్ చేస్తే తెలుగు రాదు, ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగలిసిన చెత్త వస్తుంది. ఎందుకంటే ఆ ఫాంట్లలో నిజానికి తెలుగు అక్షరం లేదు. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు కూర్చోబెట్టారు. తలకట్టు ఒకచోట, కొమ్ము ఒకచోట, వత్తు ఇంకోచోట. ఫాంటు పక్కన ఉంటేనే అది తెలుగు. యూనికోడ్‌లో అయితే ప్రతి తెలుగు గుర్తుకీ సొంత సంఖ్య ఉంటుంది. ఇంకో ప్రమాదం కూడా ఉంది. ఆ గుర్తుల్లో హెచ్‌టీఎంఎల్ ట్యాగు (బ్రౌజర్‌కి ఇచ్చే ఆదేశం) మొదలయ్యే గుర్తు కూడా ఉండొచ్చు. దాని తర్వాతి వాక్యాన్ని ట్యాగనుకుని బ్రౌజర్ మింగేస్తుంది.

పాత ఫాంటు పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, వాడుకోవచ్చు. కానీ పూర్తిగా నమ్మకూడదు. పాత ఫాంటులో ముక్కలు గీసే వరసలో ఉంటాయి, యూనికోడ్‌లో పలికే వరసలో ఉంటాయి. అక్షరానికి ఎడమవైపు నుంచి చుట్టుకొచ్చే రావత్తు దగ్గర ఈ రెండు వరసలూ తారుమారవుతాయి. బ్రోషరంతా మార్చేముందు ఒక పరీక్ష లైను పాత ఫాంటులో టైపు చేయించాం: స్త్రీ, రాష్ట్రం, క్షేత్రం, జ్ఞానం, దుఃఖం, తైలం, కృష్ణ, వాఙ్మయం. ఇవి సరిగ్గా మారితే మిగతా పాఠం చాలావరకు మారినట్టే.

కన్వర్టర్ సరిగ్గా మార్చినట్టే కనిపించి తప్పిపోయే చోట్లు మూడు. మొదటిది సున్న. పూర్ణానుస్వారం ఉండాల్సిన చోట తెలుగు అంకె సున్నా వచ్చి కూర్చుంటుంది. తెరమీద రెండూ ఒక్కలాగే ఉంటాయి, కంటికి తేడా తెలియదు. కానీ యూనికోడ్‌లో అవి రెండు వేరువేరు అక్షరాలు. కొనేవాళ్ళు సెర్చ్‌లో 'నరసాపురం' అని కొడితే, అంకె సున్నాతో రాసిన నరసాపురం దొరకదు. రెండోది ఐత్వం. దాన్ని ఒకే గుర్తుగానూ రాయొచ్చు, ఎత్వం, దాని కింద చుట్టే ముక్క కలిపి రెండు గుర్తులుగానూ రాయొచ్చు. యూనికోడ్ ప్రకారం రెండూ సమానమే అయినా, సైటు లోపల పేర్లు వెతికే చిన్న ప్రోగ్రాముకి ఆ సంగతి తెలియదు. పాఠాన్ని ఎన్ఎఫ్‌సీ రూపంలోకి (ఇలాంటివన్నీ ఒకే పద్ధతిలో ఉండే యూనికోడ్ రూపం) ఒకసారి నార్మలైజ్ చేస్తే ఈ చిక్కు పోతుంది. మూడోది విసర్గ. చాలాచోట్ల దాని బదులు కోలన్ ఉంటుంది.

వీటిని పట్టుకోడానికి తేలికైన మార్గం ఎడిటర్‌లో ఫైండ్. తెలుగు అంకె సున్నా ఎక్కడుందో వెతికి ఒక్కొక్కటీ చూసి మార్చాలి. ఒక్కసారిగా అన్నీ మార్చెయ్యడం మంచిది కాదు. ధరల పట్టికలో నిజంగానే తెలుగు అంకెలు వాడిన చోట సున్నాలు పోతాయి. ఆ తర్వాత మిగిలిపోయిన ఇంగ్లీషు అక్షరాల కోసం ఒకసారి వెతకాలి. చివర్లో ఫోన్లో చదివి వినిపించే సదుపాయంతో పేజీ మొత్తం చదివించి వినాలి. కన్ను దాటేసిన తప్పు చెవికి దొరుకుతుంది.

రూపాయి గుర్తుకి కూడా పాత ఫాంట్లలో చోటు లేదు. ఆ గుర్తు వచ్చిందే 2010లో. బ్రోషర్లో 'రూ.' అని ఉన్నదాన్ని సైటులోనూ అలాగే ఉంచాం, చదవడానికి ఇబ్బందేమీ లేదు.

ఫైళ్ళ పేర్లు, పేజీ అడ్రసులు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లోనే పెట్టించాం. తెలుగు మీద ప్రేమ లేక కాదు. యూనికోడ్‌లో ఒక్కో తెలుగు గుర్తుకి మూడు బైట్లు. అడ్రసులో వచ్చేసరికి ఒక్కో బైటూ శాతం గుర్తుతో కలిపి మూడు అక్షరాలవుతుంది. అంటే ఒక్కో తెలుగు గుర్తుకి తొమ్మిది అక్షరాలు. 'నరసాపురం'లో గుర్తులు ఎనిమిది. వాట్సాప్‌లో లింకు పంపితే ఆ ఒక్క మాటే 72 అక్షరాల తోకలా వేలాడుతుంది. సైట్లు కట్టే వర్డ్‌ప్రెస్ అనే ప్రోగ్రాము వాడేవాళ్ళకి ఇంకో సమస్య. అందులో పోస్టు అడ్రసుకి కేటాయించిన చోటు 200 అక్షరాలు. 22 తెలుగు గుర్తులు దాటగానే అడ్రసు మధ్యలో తెగిపోతుంది.

వత్తు తెగకూడదు

ఆమె మొదట వేసిన పేజీలో ఒక డిజైను పేరు 'ద్రాక్షగుత్తి'. ఫోటో కింద పేరు కోసం ఒక పెట్టె గీసింది. పెట్టె ఎత్తు ఇంత అని ఖాయం చేసి, మించిపోయింది కనపడకుండా దాచెయ్యమని సీఎస్ఎస్‌లో రాసింది. ఫోన్లో తెరిచేసరికి పేరు కింది భాగం పోయింది. రావత్తు, షవత్తు, తవత్తు మూడూ తెగిపోయి, చదివితే 'దాకగుతి'. ఇంగ్లీషు అక్షరాలతో చూస్తే అదే పెట్టె చక్కగా ఉంది.

ఇంగ్లీషు కోసం రాసిన సీఎస్ఎస్‌లో శీర్షికలకి లైన్-హైట్ (అక్షరం సైజుకి లైను ఎత్తు ఎన్ని రెట్లో) 1.2 ఉండటం మామూలు. 18 పిక్సెళ్ళ అక్షరానికి అది 21.6 పిక్సెళ్ళు. తెలుగులో పైన గుడి, కింద వత్తు, ఒక్కోసారి వత్తు కింద ఇంకో వత్తు. వీటన్నిటికీ అది చాలదు. మేం పాఠానికి 18 పిక్సెళ్ళు, లైన్-హైట్ 1.75 పెట్టించాం, అంటే 31.5 పిక్సెళ్ళు. శీర్షికలకి కూడా 1.5 కంటే తగ్గించలేదు. ఎత్తు ఖాయం చెయ్యడం అన్న అలవాటునే మాన్పించాం. హైట్ బదులు మిన్-హైట్ (కనీస ఎత్తు), పైనా కిందా ప్యాడింగ్ (లోపలి ఖాళీ). పెట్టె పాఠాన్నిబట్టి పెరగాలి. పెళ్ళికార్డులో దీనికి పూర్తిగా ఎదురు. అక్కడ పెట్టె మారదు, పట్టేదాకా అక్షరాన్నే తగ్గిస్తారు. ఈ ఒక్క అలవాటు మారడానికి మిగతా అన్నిటికంటే ఎక్కువ సమయం పడుతుంది, పట్టనివ్వాలి.

ఫాంటు ఎంపికలో ఆమె కన్ను బాగా పనికొచ్చింది. మొదట మండలి పెట్టింది. అందమైన ఫాంటే. కానీ అందులో ఒకే మందం ఉంది. బోల్డ్ అడిగితే బ్రౌజర్ తనంతట తాను గీతని లావు చేసి చూపిస్తుంది, లోపలి ఖాళీలు పూడుకుపోతాయి. 'థ' లోపలి చుక్క పూడితే అది 'ధ'లాగే కనిపిస్తుంది. ఈ తేడా మేం చెప్పకముందే ఆమె పట్టుకుంది. పాఠానికి నోటో సాన్స్ తెలుగుకి మారింది, దానిలో సన్నం నుంచి బాగా లావు దాకా మందాలు ఉన్నాయి. సైటు పేరు ఒక్కదానికి రామభద్ర ఉంచుకుంది. అది శీర్షికలకే పనికొచ్చే లావు ఫాంటు, బోల్డ్ అడగాల్సిన అవసరం రాదు. ఇటాలిక్ పూర్తిగా తీసేశాం. ఈ ఫాంట్లలో అసలు ఇటాలిక్ లేదు, బ్రౌజర్ నిలువు అక్షరాన్ని పక్కకి వంచేస్తుంది.

ఫాంటు ఫైలు తగ్గించేటప్పుడు ఒక జాగ్రత్త. వాడని అక్షరాలు తీసేసి వాఫ్2 (వెబ్ కోసం కుదించిన ఫాంటు ఫైలు) రూపంలో ఇవ్వడం మంచిదే. అయితే కొన్ని సాధనాలు అక్షరాలతోపాటు, వత్తులు ఎలా కలవాలో చెప్పే జీసబ్ పట్టికని కూడా కోసేస్తాయి. అప్పుడు 'క్ష' కలవదు. పొల్లుతో 'క్', పక్కన 'ష' విడివిడిగా నిలబడతాయి. ఫాంటు తగ్గించాక పైన చెప్పిన పరీక్ష లైనే మళ్ళీ వేసి చూడాలి.

రెండు అంచులూ సమంగా ఉండేలా జస్టిఫై చెయ్యడం కూడా కాగితం అలవాటే. తెలుగు మాటలు పొడుగు. సన్నటి తెరమీద ఒక్కో లైన్లో రెండు మూడు మాటలే పడతాయి, వాటి మధ్య గోతుల్లాంటి ఖాళీలు వస్తాయి. ఎడమ అంచుకి సర్దితే చాలు.

360 పిక్సెళ్ళ లెక్క

కంప్యూటర్ మీద పేజీ బాగానే ఉంది. ఫోన్లో అంతా చీమల్లా కనపడుతోందని బృందంలో వాళ్ళన్నారు. పేజీని ఫోను తెర వెడల్పుకి సర్దమని చెప్పే వ్యూపోర్ట్ మెటా లైను రాయకపోవడం దానికి కారణం. ఆ లైను లేకపోతే ఫోను పేజీని 980 పిక్సెళ్ళ వెడల్పనుకుని, కుదించి చూపిస్తుంది. ఒక్క లైను చేర్చగానే సర్దుకుంది. అయితే అప్పుడు అసలు సమస్య బయటపడింది. ఫోటోలు రెండేసి పక్కపక్కన రావాలి, ఒక్కొక్కటే వస్తున్నాయి.

ఇక్కడ లెక్క వేయించాం. చాలా ఆండ్రాయిడ్ ఫోన్ల తెర సీఎస్ఎస్ కొలతలో 360 పిక్సెళ్ళు. రెండు వైపులా 16 చొప్పున మార్జిన్ పోగా మిగిలేది 328. గ్రిడ్‌లో ఒక్కో గడి కనీసం 160 ఉండాలని ఆమె రాసింది, గడుల మధ్య ఖాళీ 12. రెండు 160లూ ఒక 12 కలిస్తే 332. నాలుగు పిక్సెళ్ళు ఎక్కువై రెండో గడి కిందికి దిగిపోయింది. ఖాళీని 8 చేస్తే 328, సరిగ్గా సరిపోతుంది. కానీ అంత బిగుతుగా కట్టిన లెక్క కొంచెం సన్నటి ఫోన్ రాగానే మళ్ళీ తప్పుతుంది. అందుకని గడి కనీస వెడల్పు 140కి దించి, ఖాళీ 12 అలాగే ఉంచాం. 320 పిక్సెళ్ళ తెరమీద మిగిలేది 288. రెండు 140లూ ఒక 12 కలిపితే 292, అక్కడ మాత్రం ఒక్కొక్కటే వస్తుంది. అంత చిన్న తెరమీద ఒక్కొక్కటిగా రావడమే మంచిదని వదిలేశాం.

కొలత లేని పేజీ అంటే లెక్క లేని పేజీ కాదని ఆమెకి ఇక్కడ తెలిసింది. కాగితం మీద లెక్క ఒక్కసారి వేస్తాం. ఇక్కడ అత్యల్పం ఎంత, ఎక్కడ విరగాలి అన్నది లెక్క వెయ్యాలి. నొక్కే బటన్లు 48 పిక్సెళ్ళ ఎత్తుకి తగ్గకుండా చూశాం.

ధరల పట్టికని ఆమె మొదట కోరెల్‌లో అందంగా చేసి, ఒకే జేపెగ్ బొమ్మగా పెట్టింది. కరపత్రానికైతే మంచి పని. బొమ్మలోని మాట సెర్చ్‌కి అందదు, ఫోన్లో అక్షరం పెద్దది చేసుకున్నా పెరగదు, ఒక్క ధర మారినా బొమ్మంతా మళ్ళీ చెయ్యాలి. మామూలు టేబుల్ ట్యాగుతో మళ్ళీ రాయించాం. కొలతలు అంగుళాల్లోనూ సెంటీమీటర్లలోనూ ఇచ్చాం. 54 అంగుళాల టేబుల్ క్లాత్ అంటే 137 సెంటీమీటర్లు.

తెల్ల లేసుని ఫోటో తియ్యడం

అన్నిటికంటే కష్టమైన పని ఇదే, ఇక్కడే ఎక్కువ నేర్చుకోవలసి వచ్చింది. తెల్ల దారం, సన్నటి కన్నాలు. తెల్ల దుప్పటి మీద పరిచి తీస్తే లేసే కనపడదు. ముదురు రంగు గుడ్డ మీద పరిస్తే ఫోన్ కెమెరా చీకటి ఎక్కువుందనుకుని వెలుగు పెంచుతుంది, దారం మీద ముడులన్నీ తెల్లగా పేలిపోతాయి. అందుకని మెరుపు లేని ముదురు నీలం గుడ్డ, కిటికీ పక్కన నీడ వెలుగు, ఫ్లాష్ లేదు. తెరమీద లేసునే వేలితో తాకి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తుని కిందికి లాగి వెలుగు తగ్గించాలి. దారంలో మెలిక కనపడేదాకా తగ్గించాలి. గుడ్డ నల్లగా అయిపోయినా ఫర్వాలేదు. ఒక్కో వస్తువుకి రెండు ఫోటోలు: ఒకటి వస్తువు మొత్తం, పక్కన కొలత టేపుతో, ఒకటి అరచేతి వెడల్పు దగ్గరగా.

లేసు ఫోటో ఫైలు సులభంగా చిన్నదవదు. మామూలు ఫోటోలో నున్నటి భాగాలు ఎక్కువ, అవి బాగా కుదించుకుపోతాయి. లేసులో ప్రతి చోటా దారం, కన్నం. ఎక్కువ కుదిస్తే దారం చుట్టూ మసకగా ముళ్ళలాంటివి వస్తాయి. ఫోన్ ఇచ్చే 12 మెగాపిక్సెళ్ళ ఫోటో 4000 బై 3000. దాన్ని 1200 వెడల్పుకి తగ్గించి, వెబ్‌పీలో (వెబ్ కోసం చేసిన ఫోటో ఫైలు రూపం) నాణ్యత 75 దగ్గర ఆపాం. జాలీలా అల్లిన పనిని తగ్గించినప్పుడు లేని చారలు అలలుగా కనిపిస్తాయి. తగ్గించేముందు కొంచెం బ్లర్ చేస్తే అవి చాలావరకు పోతాయి. తగ్గించాక షార్పెన్ చేస్తే మళ్ళీ వస్తాయి.

డీటీపీ వాళ్ళు తప్పక అడిగేది 300 డీపీఐ (అంగుళానికి చుక్కలు) గురించి. తెరకి డీపీఐతో పని లేదు, పిక్సెళ్ళే లెక్క. మూడున్నర బై రెండు అంగుళాల విజిటింగ్ కార్డు 300 దగ్గర 1050 బై 600 పిక్సెళ్ళు. అదే ఫైల్లో డీపీఐ అంకెని 72గా మార్చినా తెరమీద ఒక్క పిక్సెలూ మారదు. ముద్రణ రంగుల పద్ధతి సీఎంవైకేలో ఉన్న ఫైల్ని మాత్రం తెర రంగుల పద్ధతి ఎస్ఆర్‌జీబీలోకి మార్చి తీరాలి, లేకపోతే రంగు మారిపోయి కనపడుతుంది.

పేజీ పై భాగంలో రెండు వైపులా ఒకే అనాసపండు డిజైను వచ్చేలా, ఒక ఫోటోని మిర్రర్ చేసి రెండో పక్కన పెట్టింది. పెళ్ళికార్డు బోర్డర్లకి రోజూ చేసే పనే. బృందంలో పెద్దావిడ ఫోను దగ్గరగా పెట్టుకుని చూసి, "ఇదేంటమ్మాయ్, తిరగేసి పెట్టావు? మన పని ఇటు తిరగదు కదా" అంది. "రెండు పక్కలా సమంగా ఉంటుందని, పిన్నిగారూ" అంటే, "కుడిచేత్తో అల్లితే ఇలా రాదమ్మా, చూసినవాళ్ళు వేరే ఊరి సరుకనుకుంటారు" అని, ఒక మ్యాటు తెచ్చి ముడి నడిచే దిక్కు వేలితో చూపించింది. నిజమే. కుడిచేత్తో గుండ్రంగా అల్లిన క్రోషె, మంచి వైపు నుంచి చూస్తే గడియారం ముల్లుకి ఎదురు దిశలో నడుస్తుంది. తిప్పిన ఫోటోలో అది గడియారం ముల్లులా నడుస్తోంది. ఫోటోని తీసేసి, అదే డిజైనున్న ఇంకో మ్యాటుని తీసి పెట్టింది. సమరూపం కొంచెం తగ్గింది, వస్తువు నిజంగా ఉంది. వస్తువు తెలిసినవాళ్ళకి చూపించకుండా ఏ ఫోటోనీ ఎక్కించకూడదన్న నియమం ఆ రోజు నుంచి పెట్టుకుంది.

వేగం, ఆర్డరు

సైటుకి డేటాబేస్ అక్కర్లేదు, మామూలు హెచ్‌టీఎంఎల్ ఫైళ్ళు చాలు. బ్రౌజర్ డెవలపర్ టూల్స్‌లో నెట్‌వర్క్‌ని నెమ్మది చేసి పరీక్షించాం. తెరమీద అన్నిటికంటే పెద్దగా ఉండే బొమ్మ గానీ పాఠం గానీ 2.5 సెకన్లలోపు కనపడాలన్నది గూగుల్ పెట్టిన కొలత. పై ఫోటో తప్ప మిగతావాటికి లేజీ లోడింగ్ (పేజీని వాటి దాకా జరిపినప్పుడే వచ్చేలా) పెట్టాం. ప్రతి ఫోటోకీ వెడల్పు, ఎత్తు రాయించాం, లేకపోతే ఫోటో వచ్చినప్పుడల్లా పాఠం కిందికి గెంతుతుంది. ఆర్డరుకి వాట్సాప్ లింకు. అందులో నంబరు ముందు 91 ఉండాలి, ప్లస్ గుర్తు గానీ సున్నా గానీ ఉండకూడదు.

చదువు వైపు

ఇంటర్ అయినవాళ్ళకి బీడెస్ (డిజైన్‌లో డిగ్రీ) దారి ఉంది, 2015లో మొదలైన ఆంధ్రప్రదేశ్ ఎన్ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్)లో అది చదవొచ్చు. ఈమెకి డిగ్రీ ఉంది కాబట్టి ఎండెస్ (డిజైన్‌లో పీజీ) కోసం ఐఐటీ బొంబాయి జరిపే సీడ్ (CEED) ప్రవేశ పరీక్ష రాయొచ్చు. ఇంటర్ తర్వాత కనీసం మూడేళ్ళ కోర్సు చేసి ఉండాలి, వయోపరిమితి లేదు. ఒక భాగం కంప్యూటర్ మీద, రెండో భాగంలో చేత్తో గియ్యాలి. డీటీపీ నుంచి వచ్చినవాళ్ళు అక్కడే తడబడతారు, ఏళ్ళ తరబడి మౌసు తప్ప పెన్సిల్ పట్టుకోరు. రోజూ ఎదురుగా ఉన్న వస్తువునే గియ్యమన్నాం: లేసు సూది పట్టుకున్న చెయ్యి, దారపు ఉండ, రేవులో పంటు.

పోర్ట్‌ఫోలియోలో (చేసిన పనులు చూపించే సంకలనం) పూర్తయిన సైటు స్క్రీన్‌షాట్లు మాత్రమే పెడితే దానివల్ల పెద్ద ఉపయోగం లేదు. ఇవి పెట్టమన్నాం: 'దాకగుతి' అని తెగిన పేరు, దాన్ని సరిచేసిన పేజీ పక్కపక్కన. 332 లెక్క కాగితం. తిప్పిన అనాసపండు ఫోటో, దాని కింద పెద్దావిడ చెప్పిన మాట. జేపెగ్ ధరల పట్టిక, దాని బదులు వచ్చిన టేబుల్. ఒక్కోదాని కింద రెండు మూడు వాక్యాలు: ఏమైంది, ఎందుకైంది, ఏం మార్చింది. అలంకారం కోసం ఫ్లెక్సీలు కొన్ని పెడతానంది. వాటిలో తన సొంత ఆలోచన ఉన్న ఒక్కదాన్నే ఉంచమన్నాం.

అప్పగింత

డొమైను (సైటు అడ్రసు పేరు) బృందం పేరు మీదే, వాళ్ళ ఈమెయిల్‌తోనే రిజిస్టర్ చేయించాం. డిజైనర్ పేరు మీద ఉంటే, రేపు ఆమె చదువుకి వెళ్ళిపోయినప్పుడు సైటు వాళ్ళ చెయ్యి దాటిపోతుంది. పాస్‌వర్డులు, రెన్యువల్ తేదీ ఒక కాగితం మీద రాసి సంఘం పుస్తకంలో అంటించారు. ధర మార్చడం, కొత్త ఫోటో చేర్చడం బృందంలో ఇద్దరికి నేర్పింది. సైటు ఫైళ్ళన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లో కాపీ చేసి ఇచ్చింది, దానితోపాటు అసలు ఫోటోలు కూడా, తగ్గించనివి.